చీటీ ఎవరికొస్తే వాళ్ళే పెద్ద

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ ఎందుకమ్మ అనేవారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరి నోటా వినపడేది కాదు. చేరిన కొత్తలోనే ఆ పేరు పడిపోయింది. ఆపరేషన్ గది గుడ్డలు ముందు, వార్డు దుప్పట్లు తర్వాత ఎందుకు? సబ్బుగది తాళంచెవి ఒక్కరి దగ్గరే ఎందుకు? మురికి తొట్టి దగ్గర ఎప్పుడూ వాళ్ళే ఎందుకు, కిటికీ పక్కన మడతల బల్ల దగ్గర ఎప్పుడూ వీళ్ళే ఎందుకు? ఇలా అడిగి అడిగి పాత సూపర్‌వైజర్ ప్రాణం తోడేసేది. ఆయన ఒకరోజు చేతిలో కాగితాలు బల్ల మీద పడేసి, "నీకు పేరు పెట్టినవాళ్ళెవరోగాని తప్పు పెట్టారు తల్లీ. ఎందుకమ్మ అని పెట్టాల్సింది" అన్నాడు. గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, "అవును, ఎందుకు పెట్టలేదో" అంది.

అలాగని తగవులమారి కాదు. జవాబు సరిగ్గా ఉంటే అక్కడితో వదిలేసేది. ఆపరేషన్ గది గుడ్డలు ఉతికాక క్రిములు చావడానికి ఆవిరి పెట్టెలో మళ్ళీ ఉడకాలి, అందుకే ముందు పోతాయని చెబితే సరేనంది. తాళంచెవి సంగతికి మాత్రం ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. అది పళ్ళ సందున ఇరుక్కున్న పీచులా ఆమెను పీకుతూనే ఉండేది.

ఊరికే కూర్చోవడం ఆమెకు పుట్టుకతోనే చేతకాదు. అన్నం కూడా సగం నిలబడే తినేది. చేతికి పని లేకపోతే దులిపిన దుప్పటే మళ్ళీ దులిపేది. మొగుడు బస్సు డ్రైవరు, నెమ్మదైన మనిషి. "నీ పక్కన పడుకుంటే ఇంజను ఆపని బస్సులో పడుకున్నట్టే ఉంటుందే" అనేవాడు. ఆమె తల లోపల ఏదో ఒకటి ఆడుతూనే ఉంటుందని ఆయనకు తెలుసు. అదేమిటో అడిగితే మాత్రం తెల్లారిపోతుందన్న భయంతో అడిగేవాడు కాదు.

ఆ ఇంజనులో పెట్రోలు పోసింది కూతురు. ఆ పిల్ల కాలేజీలో రాజనీతి చదువుతోంది. పరీక్షలప్పుడు పాఠాలు పైకి చదివితేగాని బుర్రకెక్కవు. వంటింట్లో తల్లి ఇంటి బట్టలు ఇస్త్రీ చేస్తుంటే, గడప మీద కూర్చుని పుస్తకం చదివేది. ఒక సాయంత్రం రాజ్యం ఎలా పుట్టిందన్న పాఠం వచ్చింది. మొదట్లో మనుషులు ఒకరికొకరు భయపడుతూ బతికారట. ఆ భయం భరించలేక అందరూ కూడి, ఒకరిని పెద్దగా పెట్టుకొని, వాళ్ళ మాట వింటామని ఒప్పుకున్నారట.

ఇస్త్రీపెట్టె ఆగింది.

"అందరూ అంటే ఎవరెవరు?" అంది తల్లి. "పిల్లలకు పాలిచ్చేవాళ్ళు కూడా వచ్చారా? ఆ మీటింగు జరుగుతున్నంతసేపూ మంచం పట్టిన వాళ్ళను ఎవరు చూసుకున్నారు?"

"అది నిజంగా జరిగిన మీటింగు కాదమ్మా. జరిగిందని అనుకోవడం, అంతే."

"అనుకునేటప్పుడైనా మమ్మల్ని కలుపుకోవచ్చు కదే. ఊరికే అనుకోవడానికి పోయేదేముంది?"

కూతురు నవ్వి పేజీ తిప్పింది. తల్లికి మాత్రం ఆ పేజీ తిరగలేదు. మర్నాడు లాండ్రీలో ముడతలు తీసే వేడి రోలరు కిందికి దుప్పటి కొసలు అందిస్తూ అదే ఆలోచించింది. సూపర్‌వైజర్ చెడ్డవాడు కాదు. ఒకప్పుడు ఆయన కూడా మురికి తొట్టి దగ్గర నిలబడ్డవాడే. దుప్పట్ల మడతల్లోంచి సూదులు, కత్తెరలు ఏరినవాడే. సూపర్‌వైజరై అద్దాల గదిలోకి వెళ్ళి కూర్చున్నాక ఆ వాసన మరిచిపోయాడు. అక్కడ ఎవరు కూర్చున్నా మరిచిపోతారు. మరి ఎవరూ కూర్చోకపోతే? ఎవరు ఏ పని చేయాలో చెప్పేవాళ్ళు ఒకరు ఉండక తప్పదు. లేకపోతే పిల్లల వార్డు దుప్పట్లు ఎముకల వార్డుకు పోతాయి. అయితే ఆ ఒకరు కోరుకొని వచ్చినవాళ్ళు ఎందుకు కావాలి? అందరి పేర్లూ చీటీల మీద రాసి తీస్తే సరిపోదా? ఎవరికొస్తే వాళ్ళు ఒక నెల కూర్చుంటారు. నెల తిరగ్గానే మళ్ళీ తొట్టి దగ్గరికి వస్తారు. రాక తప్పదని తెలిసినవాళ్ళు తొట్టిని మరిచిపోలేరు.

ఈ ముక్క కూతురికి చెబితే, ఆ పిల్లకు నచ్చి పరీక్షలో రాసేసింది. దిద్దిన మేష్టారు అంచున ఎర్ర సిరాతో "ఆధారం?" అని రాశాడు. మా అమ్మ అని చెప్పడానికి మొదట మొహమాటపడి, చివరకు చెప్పేసింది. ఆయన ఎగతాళి చేయలేదు. మీ అమ్మగారిని ఒకసారి తీసుకురమ్మన్నాడు.

ఎందుకమ్మ సెలవురోజున వెళ్ళింది. మేష్టార్ల గదిలో బీరువాల మీదా కుర్చీల మీదా జవాబు పత్రాలే. ఒక కుర్చీ ఖాళీ చేసి ఆమెను కూర్చోబెట్టి, పేపరు కప్పులో టీ ఇచ్చి, ఆయన చాలాసేపు విన్నాడు. విన్నాక ఆమె ఎదురుచూడని మాట చెప్పాడు. ఈ ఆలోచన మీకొక్కరికే వచ్చింది కాదమ్మా అన్నాడు. ఎప్పుడో పాత కాలపు పట్టణాల్లో చీటీల్లాంటి పద్ధతితో పెద్దల్ని ఎంచుకున్నవాళ్ళు ఉన్నారని, ఆ తర్వాత కూడా చెప్పులు కుట్టేవాళ్ళు, బట్టలు నేసేవాళ్ళు, అచ్చాఫీసుల్లో పనిచేసేవాళ్ళు, ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు ఇలాంటివీ ఇంతకంటే పెద్దవీ అడిగారని చెప్పాడు. కొందరు జైలుకు పోయారు. చాలామందిని పట్టించుకున్నవాళ్ళే లేరు. పాఠ్యపుస్తకాల్లోకి పది పేర్లు ఎక్కితే వెయ్యి పేర్లు బయటే ఉండిపోయాయి.

ఆమె సంతోషిస్తుందని ఆయన అనుకున్నాడు. ఆమె మొహం వాడిపోయింది.

"అంతమంది అడిగారా?"

"అడిగారమ్మా."

"మరి ఎందుకు జరగలేదు?"

మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాకు పూర్తిగా తెలియదమ్మా అన్నాడు. ఇంకో మాట కూడా చేర్చాడు. "కొందరిని పైవాళ్ళు అణిచేశారు, అది నిజమే. కొందరి సంగతి వేరు. మాట చెప్పారు, నలుగురూ వాళ్ళ వెంట వచ్చారు. ఆ మాటకు తామే లోబడాల్సి వచ్చినప్పుడు కాలు వెనక్కి పడింది."

తిరుగు బస్సులో ఆమెకు అదే ఆలోచన. తనకొక్కదానికే తట్టిందనుకున్నప్పుడు అది తన పిచ్చి, ఇవాళ కాకపోతే రేపు వదిలిపోతుంది. ఇంతమందికి తట్టి కూడా లోకం ఇలాగే ఉందంటే ఇక కుదురుగా ఉండేదెలా? ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. పప్పు రెండుసార్లు మాడింది. మొగుడు ఆ పప్పే తిని ఊరుకున్నాడు.

కొంతకాలానికి పాత సూపర్‌వైజర్ మోకాళ్ళు పనిచేయక ఉద్యోగం మానేశాడు. ఆసుపత్రి సూపరింటెండెంటు లాండ్రీకి దిగి వచ్చింది. ఆవిడకు వంద తలనొప్పులు, అందులో ఇదొకటి. కొత్త మనిషిని వేయడానికి ఏడాది పట్టవచ్చని, అంతవరకు మీలో ఒకరిని మీరే పెట్టుకోండని చెప్పి, సబ్బుగది తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

రోలరు ఆపి అందరూ చుట్టూ చేరారు. చాలామంది కళ్ళు ఎందుకమ్మ వైపే తిరిగాయి. చిటపట అని పిలిచే ఆవిడ కళ్ళు మాత్రం పైకప్పు వైపు తిరిగాయి. నూనెలో పడ్డ ఆవగింజలా మాట్లాడుతుంది కాబట్టి ఆమెకా పేరు. ఎందుకమ్మకూ ఆమెకూ మొదటినుంచీ పడదు.

ఎందుకమ్మ చీటీల మాట చెప్పింది. ముందు అందరూ నవ్వారు. ఆమె వేళాకోళానికి అనడం లేదని తెలిశాక గోల మొదలైంది. ఇస్త్రీ విభాగంలో పెద్దవాడు, అందరూ ఇస్త్రీ అన్న అనేవాడు, అడ్డంగా తల ఊపాడు.

"అమ్మా, చీటీకి కళ్ళుంటాయా? మన నిద్రమొహానికి వచ్చిందనుకో. వాడు నిలబడి నిద్రపోతాడు. వాడా మనకు పెద్ద?"

పేరు వినపడి నిద్రమొహం కళ్ళు తెరిచాడు.

"వస్తే ఒక్క నెలే కదా అన్నా" అంది ఎందుకమ్మ. "నెల రోజులు మనమందరం కాస్త ఎక్కువ మెలకువగా ఉందాం."

ఎవరిని పెట్టినా రెండోవాళ్ళకు గిట్టదని అందరికీ తెలుసు. అందువల్లే ఒప్పుకున్నారు తప్ప ఆ ఆలోచన మీద మోజుతో కాదు. దిండు గలీబులో చీటీలు వేశారు. మొదటి చీటీ నిజంగానే నిద్రమొహానికి వచ్చింది. ఇస్త్రీ అన్న నెత్తి కొట్టుకున్నాడు.

ఆ నెల లాండ్రీ మునిగిపోలేదు. నిద్రమొహం భయంతో నిద్ర మానేశాడు. ఇంట్లో పక్షవాతం వచ్చిన తల్లిని రాత్రంతా చూసుకొని పనికి వస్తాడని, ఆ నిద్ర అందుకేనని అప్పుడే అందరికీ తెలిసింది. తొట్టి దగ్గరివాళ్ళకు మధ్యలో విరామం పెట్టింది అతనే. ఆ తర్వాతి నెలల్లో వచ్చినవాళ్ళు కొందరు బాగా చేశారు, కొందరు తడబడ్డారు. ఒకసారి పిల్లల వార్డుకు పెద్దవాళ్ళ గౌన్లు పోయి నర్సులు కిందికి దిగి వచ్చి తిట్టారు. అయినా ఎవరూ ఎవరి మీదా అరవలేదు. ఇవాళ అరిస్తే రేపు తమ వంతు వస్తుందని అందరికీ తెలుసు. ఎందుకమ్మ మాత్రం కుదురుగా లేదు. ఏ చిన్న పొరపాటు జరిగినా పరుగెత్తేది. ఈసారి చెడిపోతుంది, ఇక చెడిపోతుంది అని గుండె పీకుతూ ఉండేది.

అలా ఉండగా ఒక నెల చీటీ ఆమెకే వచ్చింది.

తాళంచెవి నడుముకు కట్టుకొని అద్దాల గదిలోకి వెళ్ళింది. మొదటి రెండు మూడు రోజులు కుర్చీ అంచునే కూర్చుంది. తర్వాత వెనక్కి ఆనుకుంది. ఏళ్ళ తరబడి తలలో తిరిగినవన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీసింది. తొట్టి పని రోజుకొకరికి, మడతల బల్ల రోజుకొకరికి. గుడ్డలు ఎత్తుగా నింపిన బరువు బండ్లు లాగేది జంటగా. అన్నీ చక్కగా సాగాయి. దుప్పట్లు వేళకు పైకి వెళ్ళాయి. సూపరింటెండెంటు దారిలో కనిపించి, చాలా బాగుందమ్మా అంది. ఎందుకమ్మ ఇంటికి వచ్చి కూర్చుని అన్నం తింది. పడుకోగానే నిద్రపట్టింది. ఇంజను ఆగేసరికి ఆ నిశ్శబ్దానికి మొగుడికే మెలకువ వచ్చేది.

నెలాఖరు దగ్గరపడుతుంటే, తను మొదలుపెట్టిన జంటల పద్ధతి ఇంకా పూర్తిగా కుదురుకోలేదని ఆమెకు అనిపించసాగింది. ఇంకొక్క నెల ఉంటే గట్టిపడుతుంది. మధ్యలో వదిలితే చిటపటలాంటి వాళ్ళు పాడుచేస్తారు. ఇస్త్రీ అన్న కూడా వచ్చి అదే మాట అన్నాడు. "ఈ చీటీల ఆట చాల్లే అమ్మా. నువ్వే ఉండిపో. అందరి మాటా ఇదే." కాదనలేదామె. చూద్దాం అన్నా అంది.

ఆ సాయంత్రం ఇంట్లో జంటల పద్ధతి గురించి మొగుడికి చెబుతూ, ఇంకో నెల ఉండక తప్పేట్టు లేదంది. ఆయన మంచిదే కదా అన్నాడు. కూతురు పుస్తకంలోంచి తలెత్తి చూసింది.

"అమ్మా, ఒక మాట అననా? ఈ నెలంతా నువ్వు ఒక్కసారి కూడా ఎందుకు అని అడగలేదు."

కోపంగా అనలేదు ఆ పిల్ల, వెటకారంగానూ అనలేదు. కాస్త బెంగగా అంది. ఎందుకమ్మకు మొహం మీద చన్నీళ్ళు కొట్టినట్టయింది. ఏమే, నేనేం తప్పు చేశానని, అందరూ ఉండమంటుంటేనే కదా అని గట్టిగానే కసిరింది. కూతురు మళ్ళీ పుస్తకంలోకి వంగింది. ఎందుకమ్మ వంటింట్లోకి వెళ్ళి, సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దింది. మేష్టారు చెప్పిన మాట, కాలు వెనక్కి పడేది ఇక్కడే కాబోలు. ఎవరూ బలవంతం చేయలేదు. ఎవరూ మోసం చేయలేదు. పని బాగుంది, నలుగురూ మెచ్చుకున్నారు, ఒంటికి హాయిగా ఉంది. ఇంత హాయిగా పడుతుందా కాలు వెనక్కి? ఆ పాత తొందర మళ్ళీ మొదలైంది. నెల రోజుల తర్వాత అది తిరిగొస్తే, దూరమైన చుట్టం వచ్చినట్టుగా ఉందిగాని దానివల్ల మనసుకు ఏమంత సుఖం కలగలేదు.

మర్నాడు రోలరు ఆపించి తనే దిండు గలీబు తెచ్చింది. ఇస్త్రీ అన్న మొహం మాడ్చుకున్నాడు. బాగున్నదాన్ని చెడగొట్టుకోవడమేమిటని చాలామంది గొణిగారు.

"బాగుంది కాబట్టే తియ్యాలి" అంది ఎందుకమ్మ. "నేను చెడ్డగా చేసి ఉంటే మీరే దింపేసేవాళ్ళు. బాగా చేశాననే కదా ఉండమంటున్నారు. నాక్కూడా ఉండిపోవాలనే ఉంది. నాకు భయం అదే."

చీటీ నిద్రమొహం చేత తీయించింది. వచ్చింది చిటపట పేరు.

చిటపట తాళంచెవి అందుకొని, ఎందుకమ్మను కిందినుంచి పైకి ఒకసారి చూసింది. ఆ మధ్యాహ్నానికే జంటల పద్ధతి రద్దయింది. ఎందుకమ్మను నెలంతా మురికి తొట్టికి వేసింది. అందరూ చూస్తుండగానే వేసింది, నవ్వుతూ వేసింది. ఇస్త్రీ అన్న కల్పించుకోబోతే ఎందుకమ్మ చేత్తో వారించింది.

ఆ నెల ఆమెకు మామూలుగా ఏమీ గడవలేదు. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకొని, రక్తపు గుడ్డలు వేరుచేస్తూ, సూదులకోసం మడతలు తడుముతూ, లోలోపల కుతకుత ఉడికిపోయింది. పెదవి కొరుక్కుంది. ఒకటి రెండుసార్లు కన్నీళ్ళు కూడా పెట్టుకుంది. చిటపట అద్దాల వెనక కూర్చుని టీ తాగుతుంటే, ఆ కుర్చీలో నిన్నమొన్నటి దాకా తనున్న సంగతి గుర్తొచ్చి కడుపు మండేది. అయినా చెప్పిన పని చేసింది. చేస్తూనే అడిగింది కూడా. జంటల పద్ధతి ఎందుకు తీసేశావని రోజూ అందరి ముందూ అడిగింది. చిటపట మొదట్లో నా ఇష్టం అంది. తర్వాత ఏదో కారణం చెప్పింది. ఆ కారణం నిలబడక ఇంకొకటి చెప్పింది. నెల చివర్లో ఒకరోజు బరువు బండి ఒంటరిగా లాగబోతే నిద్రమొహానికి నడుము పట్టేసింది. చిటపట హడావిడిగా పరుగెత్తి వచ్చి, ఆ బండి రెండో కొస తనే పట్టుకుంది. ఆ సాయంత్రం ఎవరితోనూ ఏమీ అనకుండా జంటలు మళ్ళీ వేసింది. ఎందుకమ్మను మాత్రం తొట్టి దగ్గరినుంచి కదపలేదు. ఆ ఇద్దరికీ తర్వాత కూడా పడలేదు. కాకపోతే, ఆ చీటీలు పోవాలని ఎవరైనా అంటే ముందు పోట్లాటకు లేచేది చిటపటే.

చీటీల లాండ్రీ ఏడాది దాటి ఇంకా కొన్నాళ్ళు నడిచింది. తర్వాత పైనుంచి ఆదేశం వచ్చింది. ఏది జరిగినా అడగడానికి ఒకే మనిషి ఉండాలని, నెలకొకరు కుదరదని, బయటినుంచి సూపర్‌వైజర్‌ను వేశారు. సూపరింటెండెంటు కిందికి వచ్చి, ఆ మాట చెప్పి, నావల్ల కాలేదమ్మా అంది. నిజంగానే ఆవిడకు బాధగా ఉన్నట్టే కనిపించింది. ఎందుకమ్మ ఎందుకని అడిగింది. ఆవిడ చెప్పింది. ఇంకోసారి అడిగింది. ఆవిడ మళ్ళీ అదే చెప్పింది. చిటపటా నిద్రమొహమూ ఇంకొందరూ కలిసి సంతకాలు పెట్టిన కాగితం పైకి పంపారు, దానికి జవాబు రాలేదు. కొత్త సూపర్‌వైజర్ మర్యాదస్తుడే. తొట్టి పని రోజుకొకరికి వేసే పద్ధతి అలాగే ఉంచాడు. అది ఎక్కడినుంచి వచ్చిందో అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు.

ఈ కథంతా విని మేష్టారు ఆమెను తన తరగతికి పిలిచాడు. వెళ్ళి మాట్లాడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చాక, అందరూ ఒప్పేసుకున్నారే, ఒక్కరు కూడా ఎదురు ప్రశ్న వేయలేదే అని కూతురి దగ్గర చిరాకుపడింది. వాళ్ళు మర్యాదకు అడగలేదమ్మా అని కూతురు అంటే, "మర్యాదకని ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడు అడుగుతారే?" అంది.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఎందుకమ్మను ఆసుపత్రి కుట్టుగదికి మార్చారు. చినిగిన దుప్పట్లకు అతుకులు వేసే గది అది. ఒక మిషను, ఒక కత్తిరింపుల బల్ల, ఇద్దరే మనుషులు. రెండోవాడు ఎప్పటినుంచో అక్కడ ఉన్న దర్జీ. మిషను దగ్గర కూర్చునేది ఆయన, దారాలు విప్పేదీ అతుకులు కత్తిరించేదీ ఆమె. మొదటి వారం ఊరుకుంది. రెండో వారం కత్తెర పక్కన పెట్టి, మిషను దగ్గర ఎప్పుడూ మీరే ఎందుకండీ అని అడిగింది.

దర్జీ తొక్కుడు ఆపి ఆమె వైపు చూశాడు. ఈ మనిషి గురించి ఆయన ముందే విని ఉన్నాడు.

"ఉన్నది ఇద్దరమే కదమ్మా. ఇద్దరికి చీటీలేమిటి?"

"అయితే వారం మీరు, వారం నేను."

"నీకు మిషను వచ్చా?"

"రాదు. నేర్పరా?"

ఆయన స్టూలు కాస్త వెనక్కి జరిపి లేచాడు. ఎందుకమ్మ వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చుంది. కాళ్ళు తొక్కుడు పలకను అందుకున్నాయో లేదో, మిషను చక్రం వెనక్కి తిరిగి సూది పటుక్కున విరిగింది. దర్జీ ఇంకో సూది తీసి ఇచ్చాడు.